వెల, విలువ: కొత్త వీడియో ఆటను కొనదగునా?

వెల వేరు, విలువ వేరు. ఉర్దూలో ఖీమత్ అన్న మాటకు, ఖద్ర్ అన్న మాటకు నడుమ ఉన్న భేదం కూడా ఇదే. మొదటిది అంగడివాడు చెప్పేది. రెండవది కొన్నవాడు ఇంటికి పోయిన తరువాత తేల్చుకునేది. బియ్యం విషయంలో ఈ రెండింటికీ దూరం తక్కువ. పిడికెడు గింజలు అరచేతిలో పోసుకొని చూస్తే వాటి సంగతి తెలిసిపోతుంది. సినిమా బాగుండకపోతే పోయేది టిక్కెట్టు డబ్బు, మూడు గంటల కాలం. టెలివిజనుకు తగిలించి ఆడే కన్సోల్ ఆటల విషయం అట్లా కాదు. వాటిని కొనక ముందు చేతితో పట్టి చూచే వీలు లేదు. పెట్టవలసిన మొత్తం చిన్నది కాదు. నచ్చకపోతే తిరిగి ఇచ్చే దారి చాల ఇరుకు. ఇటువంటి వస్తువును కొనదలచినవాడు దేనిని చూచి నిర్ణయించుకోవలెను అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

దీనిని మన సంచికలో ప్రస్తావించడానికి కారణం ఉన్నది. విద్యార్థుల విశ్రాంతి గదిలో క్యారమ్ బోర్డులు, చదరంగం బల్లలతో పాటు ఒక ఆటల యంత్రం కూడా ఉండవలెనని విద్యార్థులు కొందరు కోరుతున్నారు. అది దుబారా అని పెద్దలు కొందరు భావిస్తున్నారు. తిరుపతిలో గాని, చిత్తూరులో గాని, పిల్లలున్న ఇండ్లలో ఈ వాదం జరుగుతూనే ఉన్నది. చిత్రమేమంటే ఉభయ పక్షాలవారూ యంత్రం ధరను గురించే వాదులాడుకుంటారు. ఆటల మాట ఎత్తరు. యంత్రం ఒకసారి కొనేది. ఆట పదేపదే కొనేది.

సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైనది. నాడు డిస్కు వేసే వీలున్న యంత్రం ధర 49,990 రూపాయలు. డిస్కు లేనిది 39,990. రేడియోలు, టెలివిజన్లు, సెల్‌ఫోన్లు పాతబడిన కొద్దీ చౌక అవుతాయని మనకు అలవాటైన నమ్మకం. ఈ యంత్రం ఆ నమ్మకాన్ని వమ్ము చేసినది. 2022 నవంబరులో దాని ధర 54,990కి, డిస్కు లేనిది 44,990కి పెరిగినవి. ఆ యంత్రం కొరకు సోనీవారే తయారుచేసిన పెద్ద ఆటలు ఒక్కొక్కటి 4,999 రూపాయలకు విడుదల అయినవి. పదకొండు ఆటలు కొంటే 54,989 రూపాయలు. అనగా యంత్రం ధరకు ఒక్క రూపాయి తక్కువ. ఒక్క ఆట వెల హాస్టలు విద్యార్థి నెల మెస్సు బిల్లుతో సమానమో, అంతకు ఎక్కువో అవుతుంది. కనుక యంత్రం కొనడం తప్పా ఒప్పా అన్న చర్చ కంటె, కొన్న యంత్రంలో ఏ ఆటను ఎప్పుడు వేయవలెను అన్న వివేచన ముఖ్యం.

ఈ వివేచన లేని కొనుగోలు ఎంతవరకు పోగలదో తెలుసుకొనడానికి 1982వ సంవత్సరపు అమెరికాను చూడవచ్చును. అప్పటి మేటి సంస్థ అటారీ, ఆ యేడు ప్రజాదరణ పొందిన 'ఈ.టీ.' అనే చలనచిత్రం ఆధారంగా క్రిస్మస్ పండుగ నాటికి ఒక ఆటను సిద్ధం చేయించినది. దానిని తయారుచేసిన వ్యక్తికి ఇచ్చిన గడువు సుమారు అయిదు వారాలు. సినిమా పేరు చూచి జనం ఎగబడి కొన్నారు. ఇంటికి పోయి ఆడి నిట్టూర్చినారు. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగార్డో అనే ఊరి చెత్తకుప్పలో పూడ్చివేసినారు. ఇది కట్టుకథ అని చాల కాలం అనుకొన్నవారున్నారు. 2014లో ఆ చోటును త్రవ్వగా ఆటలు నిజంగానే బయటపడినవి. ఆ ఒక్క ఆటే కారణమనడం అతిశయోక్తి కాని, నాసిరకం ఆటలు పోగుపడి కొనేవారికి నమ్మకం పోవడంతో సుమారు 300 కోట్ల డాలర్లుగా ఉన్న అక్కడి వ్యాపారం రెండేండ్లలో 10 కోట్ల దరిదాపులకు పడిపోయినది. 1985లో జపాను దేశపు నింటెండో అమెరికాలో అడుగుపెట్టినపుడు ప్రతి ఆట పెట్టె మీదా తన ఆమోద ముద్ర వేసుకొన్నది. పోయిన నమ్మకాన్ని తిరిగి సంపాదించుకొనడానికి చేసిన పని అది.

మన ప్రాంతానికి ఆ ముద్ర రాలేదు. దాని నకళ్ళు వచ్చినవి. 1990 దశకంలో మన పట్టణాలలో 'టీవీ వీడియో గేమ్' పేరుతో అమ్మినవి చాలవరకు నింటెండో యంత్రానికి అనుకరణలు. వాటి పసుపుపచ్చ క్యాసెట్ల మీద ఒకే క్యాసెట్టులో 9999 ఆటలు, ఇంకా పెద్ద సంఖ్యలు, అచ్చువేసి ఉండేవి. తెర మీద జాబితా తిప్పుతూ పోతే మారియో, కాంట్రా మొదలైన కొన్ని ఆటలే పేర్లు మార్చుకొని, మెట్లు మార్చుకొని మరల మరల వచ్చేవి. అయినా పిల్లలెవ్వరూ దానిని మోసంగా ఎంచలేదు. నాలుగు ఆటలనే వేసవి సెలవులంతా అన్నదమ్ములు, ఇరుగుపొరుగు పిల్లలు వంతులు వేసుకొని ఆడినారు. అచ్చువేసిన సంఖ్యకు, పొందిన ఆనందానికి సంబంధం లేదని ఆ పసుపు క్యాసెట్టు చెప్పినంత స్పష్టంగా ఏ విమర్శకుడూ చెప్పలేదు.

తెలుగు నేలకు ఈ విషయంలో ఇంకొక ముఖ్యమైన ఘట్టం ఉన్నది. 2009లో హైదరాబాదు నగరంలోని అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆటను ప్లేస్టేషన్ 2 కొరకు తయారుచేసినది. సోనీవారి యంత్రానికి పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ఆటగా దీనికి ప్రచారం లభించినది. అదే యేడు హైదరాబాదుదే అయిన గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' అనే మరియొక ఆటను తెచ్చినది. అందులో కబడ్డీ, గాలిపటాలు, మనవైపు బిళ్ళంగోడు అని పిలిచే గిల్లీదండా వంటి ఆటలు ఉన్నవి. అప్పటికి ప్లేస్టేషన్ 2 వచ్చి తొమ్మిదేండ్లు గడచినవి. దాని తరువాతి యంత్రం 2006లోనే వచ్చినది. పాత యంత్రానికే కొత్త ఆటలు ఎందుకు చేసినారంటే, మన దేశంలోని మధ్యతరగతి ఇండ్లలో ఉన్నది అదే కనుక. ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రం అది.

హనుమాన్ ఆటపై రెండు రకాల విమర్శలు వచ్చినవి. ఆరాధ్యదైవాన్ని మీటలు నొక్కి ఆడించే బొమ్మగా చేయడం తగదని కొందరు ధార్మికులు అభ్యంతరం తెలిపినారు. అది భక్తులకు సంబంధించిన విషయం. వారి మనోభావాన్ని గౌరవించి అంతటితో విడిచిపెట్టుదము. రెండవ విమర్శ ఆట ఆడినవారిది. దృశ్యాన్ని చూపే కోణం సరిగా లేదనీ, మీట నొక్కినపుడు తెర మీద బొమ్మ కదలే తీరు సాఫీగా లేదనీ, ఆ యంత్రంలోనే ఆడగల ఇతర ఆటలతో పోల్చితే వెలవెలబోతున్నదనీ సమీక్షకులు వ్రాసినారు. మనవారి మొదటి ప్రయత్నాన్ని అంత కఠినంగా తూచవచ్చునా అని కొందరు నొచ్చుకొన్నారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో తూచవలెను. మనవారు చేసినారన్న అభిమానం ఒక వస్తువును కొనడానికి కారణం కావచ్చును; దానిని మెచ్చుకొనడానికి కారణం కాజాలదు. అభిమానం కొద్దీ కొన్నవాడు కూడా ఆడవలసినది ఆ ఆటనే కదా. 2020లో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ 'రాజీ' అనే ఆటను విడుదల చేసినపుడు, భారతీయమన్న మినహాయింపు అడుగకుండానే దేశదేశాల సమీక్షకులు దాని చిత్రకళను, కట్టడాల అందాన్ని మెచ్చుకొన్నారు. పోరాట ఘట్టాలలోని లోపాలనూ చెప్పినారు. రెండూ వినగలిగిన స్థితి ఆరోగ్యకరమైనది.

సమీక్షల మాట వచ్చినది కనుక వాటిని ఎట్లా చదువవలెనో కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. ఆట కొనేవాడికి ఉన్న ప్రధాన ఆధారం ఇతరులు వ్రాసిన అభిప్రాయమే. జపానులో 'ఫామిత్సు' అనే పత్రికలో నలుగురు సమీక్షకులు ఒక్కొక్కరు పదేసి మార్కుల చొప్పున నలభైకి మార్కులు వేస్తారు. పాశ్చాత్య దేశాలలో అనేక పత్రికల మార్కులను కూర్చి నూటికి ఒక సగటు చూపే 'మెటాక్రిటిక్' అనే పట్టిక 2001 నుంచి నడుస్తున్నది. మన పరీక్షలలో 35 వస్తే ఉత్తీర్ణత. ఈ పట్టికలో 70 వచ్చినా కొనేవారు పెదవి విరుస్తారు. ఈ వింత కొలబద్దను ముందుగా గ్రహించుకొనవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: ఆ మార్కులు ఏ యంత్రం మీద ఆడి వేసినవి?

2020 డిసెంబరు 10న పోలండు దేశపు సీడీ ప్రొజెక్ట్ సంస్థ 'సైబర్‌పంక్ 2077' అనే ఆటను విడుదల చేసినది. సంవత్సరాల తరబడి ప్రచారం జరిగినది. వేలకు వేలు ముందుగానే చెల్లించి పేరు వ్రాయించుకొన్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. విడుదలకు ముందు వచ్చిన సమీక్షలు ప్రశంసలతో నిండి ఉన్నవి. కాని సంస్థవారు సమీక్షకులకు ముందుగా ఇచ్చినది ఖరీదైన కంప్యూటర్లపై ఆడే కూర్పు మాత్రమే. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కూర్పులు ఇవ్వలేదు. విడుదల నాడు ప్లేస్టేషన్ 4 మీద ఆడినవారికి తెర స్తంభించడం, ముఖాలు మసకబారడం, ఆట నడుమ యంత్రం ఆగిపోవడం ఎదురైనవి. మెటాక్రిటిక్ పట్టికలో కంప్యూటరు కూర్పుకు 86, ప్లేస్టేషన్ 4 కూర్పుకు 57 నిలిచినవి. పేరు ఒకటే, వెల దాదాపు ఒకటే, వస్తువులు రెండు. వారం తిరిగేసరికి సోనీవారు ఆ ఆటను తమ అంగడి నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వడానికి సిద్ధపడినారు. 2021 జూన్ 21న గాని అది మరల అమ్మకానికి రాలేదు. ఆ పిమ్మట సంస్థవారు పట్టుదలతో దిద్దుబాట్లు చేసినారు. 2023లో వచ్చిన పెద్ద సవరణ తరువాత, తొలినాడు తిట్టినవారే దానిని మెచ్చుకొన్నారు. మొదటి రోజున పూర్తి వెల పెట్టినవానికి దక్కినది పచ్చికుండ. మూడేండ్లు ఆగినవానికి తక్కువ వెలకు కాల్చిన కుండ దొరికినది.

కాబట్టి ముందుగా డబ్బు కట్టి పేరు వ్రాయించుకొనే పద్ధతికి ఈ కాలంలో అర్థం కానరాదు. కొత్త పాఠ్యపుస్తకమైతే ప్రతులు అయిపోతాయేమో అన్న భయం ఉంటుంది. ఇంటర్నెట్ ద్వారా దింపుకొనే ఆటకు ప్రతులు అయిపోవడం అంటూ లేదు. అయినను ముందస్తు కొనుగోలుదారులకు ఒక రంగు చొక్కానో, ఒక కత్తినో ఆటలో బహుమానంగా ఇస్తామని ఆశ చూపుతారు. నిదానించేవాడు పోగొట్టుకొనేది ఆ చొక్కా ఒక్కటే.

సాధారణ ప్రజల అభిప్రాయాలు విమర్శకుల మార్కుల కంటె నమ్మదగినవని విద్యార్థులు అంటుంటారు. డబ్బు పెట్టి కొన్నవాని మాటకు బరువు ఉన్నమాట నిజమే. ఉచితంగా ప్రతి అందుకొన్న సమీక్షకునికి 4,999 రూపాయల నొప్పి తెలియదు. కాని 2020 జూన్ 19న 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగం విడుదలైనపుడు ఏమి జరిగినదో చూడవలెను. అది పూర్తిచేయడానికి ఇరువది గంటలకు పైగా పట్టే ఆట. విడుదలైన కొద్ది గంటలలోనే వేలమంది దానికి సున్నా మార్కులు వేసినారు. వారిలో ఎక్కువమంది ఆటను ముగించి ఉండే అవకాశం లేదు. కథ నచ్చదని ముందే విని కోపం తెచ్చుకొన్నవారి మూక అది. ఆ సంఘటన తరువాత మెటాక్రిటిక్ వారు కొత్త ఆటకు 36 గంటలు గడిచిన పిదపనే ప్రజల మార్కులు స్వీకరించే నియమం పెట్టినారు. కనుక అభిప్రాయం చెప్పినవాడు విమర్శకుడా, సామాన్యుడా అన్నది కాదు చూడవలసినది. ఆట ఎంతవరకు ఆడి చెప్పినాడు, మన దగ్గర ఉన్న యంత్రం మీదనే ఆడినాడా అన్నది చూడవలెను. మన అభిరుచికి దగ్గరగా ఉండే ఇద్దరు ముగ్గురు సమీక్షకులను ఎన్నుకొని, వారు గతంలో మెచ్చిన ఆటలు మనకు నచ్చినవా అని సరిచూచుకొనడం నూరు మార్కుల సగటు కంటె ఉపయోగకరం.

వెలను గంటలతో భాగించి చూచే పద్ధతి ఒకటి విద్యార్థులలో వ్యాపించి ఉన్నది. 4,999 రూపాయల ఆట పన్నెండు గంటలలో ముగిస్తే గంటకు 416 రూపాయలు. అరువది గంటలు సాగితే 83 రూపాయలు. లెక్క తప్పు కాదు కాని కొలబద్ద వంకర. ఈ లెక్కను నమ్మి తయారీదారులు ఆటలను సాగదీయడం నేర్చుకొన్నారు. అటునుండి ఇటు మూటలు మోయడం, ఇరువది మందిని వెదకి పట్టుకొనడం వంటి పనులతో గంటలు నింపుతారు. నీళ్ళు పోసి పెంచిన మజ్జిగను లీటర్లలో కొలచినట్లు ఉంటుంది. 2024లో వచ్చిన 'ఆస్ట్రో బాట్' సుమారు పన్నెండు గంటలలో ప్రధాన కథ ముగిసే ఆట. ఆ యేటి మేటి ఆటగా అమెరికాలో ప్రసిద్ధ పురస్కారం అందుకొన్నది దానికే. అదే పురస్కారం 2021లో పొందిన 'ఇట్ టేక్స్ టూ' అనే ఆటను ఒంటరిగా ఆడనే లేరు. ఇద్దరు కలిసి ఆడితేనే అది నడుస్తుంది. గంటల లెక్క వేసేవారు ఎంతమంది కలిసి ఆడినారన్నది లెక్కలో వేయరు. కళాశాల గదిలో గాని, ఉమ్మడి కుటుంబంలో గాని అదే అసలైన లెక్క.

పెట్టె మీద అచ్చుకాని ఖర్చులు కొన్ని ఉన్నవి. రెండవ మనిషి ఆడవలెనంటే రెండవ కంట్రోలరు కావలెను. ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చినపుడు దాని ధర 5,990 రూపాయలు, అనగా ఆట కంటె ఎక్కువ. ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్నవారితో ఆడే వెలగల ఆటలకు చాలవరకు నెలసరి చందా వేరే కట్టవలెను. ఇంటర్నెట్ ఖర్చు మాత్రం చాలమంది ముందుగా ఊహించనిది. పెద్ద ఆటలు ఇప్పుడు నూరు గిగాబైట్ల వరకు ఉంటున్నవి. రోజుకు రెండు గిగాబైట్లు ఇచ్చే సెల్‌ఫోను పథకంతో అటువంటి ఆటను దింపుకొనవలెనంటే ఏబది దినాలు పడుతుంది. ఈలోగా వేరే పని ఏదీ చేసుకొనరాదు. డిస్కు కొన్నామని నిశ్చింతగా ఉండడానికీ లేదు; డిస్కు వేసిన వెంటనే పదుల గిగాబైట్ల సవరణలు దింపుకొమ్మని యంత్రం అడుగుతుంది. కరెంటు ఖర్చు దీనితో పోల్చితే స్వల్పం. పెద్ద ఆట ఆడేటపుడు ఈ యంత్రం సుమారు 200 వాట్లు తీసుకొంటుంది. అయిదు గంటలకు ఒక యూనిట్.

ఇక ఆట లోపల పొంచి ఉన్న ఖర్చు. ప్రతి యేడు సెప్టెంబరు ప్రాంతంలో విడుదలయ్యే ఫుట్‌బాల్ ఆట మన విద్యార్థులకు ప్రీతిపాత్రమైనది. 2022 వరకు 'ఫిఫా' అన్న పేరుతోను, 2023 నుంచి 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ' అన్న పేరుతోను వస్తున్నది. ఆటగాళ్ళ జట్లు మారడం, కొన్ని మెరుగులు తప్ప యేటికి యేటికి పెద్ద భేదం ఉండదు. కొత్తది వచ్చిన కొద్ది నెలలకే దాని వెల సగానికి తగ్గడమూ పరిపాటి. అయితే అందులో డబ్బు పెట్టి కొనే పొట్లాలు ఉంటాయి. పొట్లంలో ఏ ఆటగాడు వస్తాడో విప్పేవరకు తెలియదు. 2017లో 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2' ఆటలో ఇటువంటి పెట్టెలు పెట్టినందుకు పెద్ద దుమారం చెలరేగినది. 2018లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ ఇవి జూదమేనని తేల్చినది. 2019లో ఆ దేశంలో ఫుట్‌బాల్ పొట్లాల అమ్మకం ఆగిపోయినది. మన రాష్ట్రంలో 2020లో, కేంద్రంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టాలు ఇంటర్నెట్‌లో డబ్బు పందెం కాచే ఆటలను నిషేధించినవి. ఈ పొట్లాల నుంచి డబ్బు రాదు, బొమ్మ ఆటగాడే వస్తాడు. కనుక ఆ చట్టాల మాట ఎట్లున్నా, ఏమి వస్తుందో తెలియని దానికి డబ్బు ఒడ్డడం జూదం పోలికే. ఇస్లాం మైసిర్‌ను నిషేధించినదని ఎరిగిన మన ఇండ్లలో, తండ్రి సెల్‌ఫోనుకు ముడిపడిన ఖాతా నుంచి పిల్లవాడు పొట్లాలు కొనకుండా యంత్రంలోనే తాళం వేసే ఏర్పాటు ఉన్నదని తెలిసి ఉండడం మంచిది. పెట్టె మీద 3, 7, 12, 16, 18 అని కనిపించే అంకె 2003 నుంచి ఐరోపాలో అమలులో ఉన్న వయస్సు సూచన. అది కష్టతరమైన ఆట అన్న సూచన కాదు. చాలమంది అట్లా పొరబడుతున్నారు.

కొన్న వస్తువు మన చేతిలో ఎన్నాళ్ళు ఉంటుంది? ఇది పాతకాలంలో అడుగవలసిన పని లేని ప్రశ్న. ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ 2014లో 'ది క్రూ' అనే కార్ల ఆటను విడుదల చేసినది. ఒంటరిగా ఆడినా కూడా అది సంస్థవారి సర్వరుతో సంబంధం ఉంటేనే నడిచేది. 2024 మార్చి 31న సర్వర్లను మూసివేసినారు. డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నవాడు కూడా ఆ మరునాటి నుంచి దానిని ఆడలేకపోయినాడు. అదే యేడు ఆగస్టు 23న సోనీవారు విడుదల చేసిన 'కాంకర్డ్' సెప్టెంబరు 6న మూతపడినది, రెండు వారాలు. డబ్బు తిరిగి ఇచ్చినారు కనుక కొన్నవారు బ్రతికిపోయినారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 నుంచి అమలులోకి వచ్చిన ఒక చట్టం, దింపుకొనే ఆటను 'కొనుము' అని అమ్మేటపుడు అది అనుమతి మాత్రమేనని స్పష్టంగా తెలుపవలెనని నిర్బంధించినది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. 2006లో వచ్చిన 'క్రికెట్ 07' తరువాత ఆ సంస్థవారు ఆ వరుసలో మరియొక క్రికెట్ ఆటను తేలేదు. అయినను కుర్రవాళ్ళు తమంతట తాము కొత్త జట్లను, కొత్త చొక్కాలను చేర్చుకొంటూ కంప్యూటర్లలో దానిని పదేండ్లకు పైగా బ్రతికించినారు. ఎవరి సర్వరూ అక్కరలేని ఆట కనుకనే అది సాధ్యమైనది.

డిస్కుకు మరియొక సుగుణం ఉన్నది: ఆడి ముగించి అమ్ముకొనవచ్చును, అరువు ఇవ్వవచ్చును. మన ప్రాంతంవారు చెన్నైలోని రిచీ స్ట్రీట్, బర్మా బజార్లకు, చిత్తూరువారు బెంగుళూరులోని నేషనల్ మార్కెట్‌కు పోయి పాత డిస్కులు తెచ్చుకొనడం కొత్త కాదు. పాత డిస్కు కొనేటపుడు వెనుకవైపు గీతలు చూడడం అందరికీ తెలిసినదే. పెట్టెలోపల డిస్కే ఉన్నదా, లేక ఒకసారి వాడితే చెల్లిపోయే సంకేత సంఖ్య కాగితం మాత్రమే ఉన్నదా అన్నది కూడా చూడవలెను. డిస్కు లేని యంత్రం చౌక అని కొన్నవాడు ఈ మార్గాన్ని మూసివేసుకొన్నట్లే. కొన్ని పాత ఆటలతోనే ఆ తేడా తేలిపోతుంది. ఇంటర్నెట్ అంగడిలో కొన్నదానికి తిరుగుబాటు కూడా స్వల్పం. ప్లేస్టేషన్ అంగడిలో పదునాలుగు దినాల గడువు ఉన్నది కాని, ఆటను దింపుకొనడం మొదలుపెట్టిన పిదప ఆ హక్కు చాలవరకు పోతుంది.

గల్ఫ్ దేశాలలో బంధువులు ఉన్న ఇండ్లు మన విద్యార్థులలో అనేకం. దుబాయి నుంచో కువైట్ నుంచో చిన్నాన్న, మామూ వచ్చేటపుడు యంత్రమో ఆటలో తెమ్మని అడగడం సహజం. ఈ యంత్రాల డిస్కులు ఏ దేశంలో కొన్నా ఇక్కడ నడుస్తాయి. కాని ఆ ఆటకు తరువాత వచ్చే అదనపు భాగాలను మన దేశపు ఖాతాతో కొంటే, అన్య దేశపు డిస్కుతో అవి పొసగకపోవచ్చును. యంత్రం చెడిపోతే ఆ దేశపు గ్యారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. తేవలసినది చెప్పేటపుడే ఈ మాట కూడా మామూకు చెప్పి పంపడం ఉభయులకూ మేలు. లేకపోతే ఆయన కష్టపడి మోసుకొని వచ్చిన పెట్టె ముందర అందరూ మొహమాటపడవలసి వస్తుంది.

ఇంతవరకు చెప్పిన విషయాలను మన విశ్రాంతి గదికి అన్వయించి చూచితే, కమిటీవారి ముందున్న ప్రశ్న అంత జటిలం కాదు. అక్కడ ఒక్కడు తెర ముందు అరువది గంటలు కూర్చొని ముగించే ఆట, ఎంత గొప్పదైనా, పనికిరాదు. ఒకే గదిలో ఇద్దరు నుంచి నలుగురు కూర్చొని, పదినిమిషాలలో వంతు మార్చుకొనగలిగేది కావలెను. ఫుట్‌బాల్ ఆటలో నిరుటి డిస్కు సగం వెలకు దొరికితే ఈ యేటిది అక్కరలేదు. మైదానంలో బంతి ఒకటే. విడుదలైన ఆరు నెలలు నిండని ఆట దేనినీ కొనమని నియమం పెట్టుకొనవచ్చును. యంత్రం డిస్కు వేసేదిగా ఉండవలెను. ఖాతాలో ఎవరి బ్యాంకు కార్డూ నమోదు చేయరాదు. డిస్కులను గ్రంథాలయ పుస్తకాల వలెనే రిజిస్టరులో ఎక్కించి, ఎంతమంది ఏ ఆటను ఎన్నిమార్లు ఆడినారో వ్రాసి ఉంచితే, తరువాతి కొనుగోలుకు ఏ విదేశీ సమీక్షకుని మార్కుల కంటె ఆ రిజిస్టరు మంచి ఆధారం. ఒక ఆటను మూడు నెలలపాటు ఎవరూ అడుగకపోతే దానిని అమ్మి మరొకటి తేవచ్చును.

మొదటి నెలలో ఆటలేవీ కొనకుండానే గడపవచ్చును. ప్లేస్టేషన్ 5లో 'ఆస్ట్రోస్ ప్లేరూమ్' అనే చిన్న ఆట యంత్రంతో పాటే వస్తుంది. దానికి వేరే వెల లేదు. ఆ నెల రోజులు గదిలో ఎంతమంది చేరినారు, ఎంతసేపు ఉన్నారు, క్యారమ్ బోర్డుల దగ్గర జనం తగ్గినారా అన్నది చూచి, రెండవ కంట్రోలరుకు డబ్బు పెట్టవలెనా వద్దా అన్నది అప్పుడు నిర్ణయించుకొనవచ్చును.